సత్యోపదేశంలో కులం పాఠం ఏది?

పుదుచ్చేరి నటేశన్ నగర్‌లో అద్దె ఇల్లు వెతుక్కునే రోజుల్లో ప్రతి గుమ్మం దగ్గరా నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఏ ఊరు? ఏం ఉద్యోగం? మీరేమిటి? మూడో ప్రశ్నకు "క్రైస్తవులం, ఆర్.సి." అన్నాను. ఒక హిందూ యజమాని అక్కడితో ఆగిపోయి ఇల్లు ఖాళీ లేదన్నాడు. ఒక క్రైస్తవ యజమాని మాత్రం ఆగలేదు. గోడ మీద యేసు తిరుహృదయ పటం, దాని కింద వెలుగుతున్న చిన్న ఎర్ర బల్బు. ఆ పటం కిందే నిలబడి, "అది సరే, ఆర్.సి.లో ఎవరు?" అని అడిగాడు.

ఆ మనిషి మీద నాకు వ్యక్తిగతమైన కోపం లేదు. ఆయన తప్పకుండా ఆదివారం పూజకు వెళ్లే మనిషి. ఇంట్లో జపమాల చెప్పుకుంటారు. పిల్లల్ని సత్యోపదేశం తరగతికి పంపుతారు. బహుశా ఆయన యాభై ఏళ్లుగా చర్చి ప్రసంగాలు వింటూ ఉండి ఉంటారు. నా ప్రశ్న ఆ యాభై ఏళ్ల గురించే. వారం వారం మనిషిని కూర్చోబెట్టి విశ్వాసం నేర్పే సంస్థ, పొరుగువాడి కులం అడగడం పాపమని ఆయనకు ఒక్క వారం కూడా ఎందుకు నేర్పలేదు?

విచారణలో ఒక వారం

కతోలిక విచారణ గురించి తెలియని పాఠకులకు రెండు మాటలు. ఒక విచారణ గురువు కింద ఉండే కతోలికుల సముదాయమే విచారణ. నటేశన్ నగర్ పక్కనే నెల్లితోప్పులో మోక్షారోపణ మాత దేవాలయం ఉంది. కొంచెం అవతల సౌత్ బౌలెవార్డ్‌లో తిరుహృదయ బసిలికా, మిషన్ వీధిలో ఊరి జనం శంబా కోవిల్ అని పిలిచే ప్రధాన దేవాలయం ఉన్నాయి. దేశంలో ఏ విచారణకు వెళ్లినా వారం ఇంచుమించు ఒకే పద్ధతిలో సాగుతుంది. ఆదివారం దివ్యబలిపూజ, పూజ అయ్యాక పిల్లలకు సత్యోపదేశం. వారం మధ్యలో నవదిన ప్రార్థన. మరియ సేనాదళం సభ్యుల సమావేశం ఒక రోజు, విన్సెంట్ డి పాల్ సభ వాళ్ల పేదల సహాయం ఇంకో రోజు. మొదటి శుక్రవారం సత్ప్రసాద ఆరాధన. వీధుల్లో ఇరవై ముప్పై ఇళ్లవాళ్లు కలిసి బైబిల్ చదువుకునే చిన్న సంఘాలు కూడా ఉంటాయి. తమిళనాట వాటిని అన్బియం అంటారు.

పెద్దలకు వేరే చదువు ఉంది. పెళ్లికి ముందు జంటలకు తరగతులు, బిడ్డకు జ్ఞానస్నానం ఇప్పించే ముందు తల్లిదండ్రులకూ జ్ఞాన తల్లిదండ్రులకూ ఉపదేశం, తపస్సు కాలంలో ధ్యాన కూటాలు. పెద్ద వయసులో క్రైస్తవంలోకి వచ్చేవాళ్లకు నెలల తరబడి శిక్షణ ఉంటుంది. రెండో వాటికన్ మహాసభ పిలుపుతో పాత కాలపు ఉపదేశార్థుల పద్ధతికి మళ్లీ ప్రాణం పోసి, 1972లో దానికి ఒక క్రమాన్ని వెలువరించారు.

ఇంత చదువు చెప్పే సంస్థ ఈ దేశంలో ఇంకొకటి చూపించండి. ఈ మాట వెటకారంగా అనడం లేదు. గురుద్వారాలను పక్కన పెడితే, కూలి చేసుకునే మనిషిని వారానికోసారి కూర్చోబెట్టి పుస్తకం తెరిపించే మతసంస్థలు మనకు తక్కువ. మా నాయనమ్మకు అక్షరాలు వచ్చింది ఉపదేశి దగ్గరే. అందుకే ఈ సంస్థను తేలిగ్గా వదిలిపెట్టలేను. చదువు చెప్పే శక్తి లేనివాడు చెప్పకపోతే అసమర్థత అంటాం. అంత శక్తి ఉండీ ఒక్క పాఠం మాత్రమే చెప్పకపోతే దాన్ని ఏమనాలి?

"అది సామాజిక సమస్య"

పేరు చెప్పను గానీ, ఒక విచారణలో తపస్సు కాలం శుక్రవారాల్లో సిలువ మార్గం అయ్యాక పెద్దలకు తరగతులు జరిగేవి. వెళ్లి కూర్చున్నాను. చెప్పేవాడు మంచి మనిషి, రిటైరైన ఉపాధ్యాయుడు. పది ఆజ్ఞల మీద పాఠం. ఏ తప్పు ఏ ఆజ్ఞ కింద పాపమో వరసగా చెప్పుకొచ్చాడు. ఆదివారం పూజ మానడం, అబద్ధం, వ్యభిచారం, కొలతల్లో మోసం, తాగుడు, జాతకాలు చూపించుకోవడం. చివర్లో ప్రశ్నలు అడగమన్నాడు. నేను లేచి, "ఇల్లు అద్దెకు ఇచ్చేటప్పుడు కులం అడగడం ఏ ఆజ్ఞ కింద పాపమండీ?" అన్నాను.

గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన నన్ను తిట్టలేదు, కసురుకోలేదు. చాలా మృదువుగా, "అది సామాజిక సమస్య బాబూ, ఇది విశ్వాస తరగతి. దానికి మన దగ్గర ఎస్సీ ఎస్టీ కమిషన్ వేరే ఉంది కదా" అన్నాడు.

భారత కతోలిక శ్రీసభలో కులం ఎక్కడ దాక్కుందో ఆ ఒక్క జవాబు చెబుతుంది. జాతకం చూపించుకోవడం విశ్వాస విషయం. కులం చూసి మనిషిని గుమ్మంలోంచి పంపించడం మాత్రం సామాజిక విషయం. మొదటిది పాపసంకీర్తనంలో చెప్పుకోవాలి. రెండోదానికి ఒక ఆఫీసు, ఒక డైరెక్టరు, ఏడాదికో కరపత్రం చాలు. దళితుడి గాయాన్ని సమాజసేవ ఫైల్లో పెట్టి, సవర్ణుడి ఆత్మను దాని జోలికి రాకుండా కాపాడారు.

ఏడాదికి యాభై రెండు ఆదివారాలు. అందులో ఒకటి, నవంబరు రెండో ఆదివారం, దళిత విమోచన ఆదివారం. కతోలిక బిషప్పుల సమాఖ్య, ప్రొటెస్టెంటు చర్చిల జాతీయ మండలి కలిసి దీన్ని జరుపుతున్నాయి. మంచిదే. కానీ ఆ రోజు ప్రసంగం ఎవరిని ఉద్దేశించి ఉంటుంది? దళితుల బాధల గురించి దళితులకే చెబుతారు. వాళ్ల కోసం ప్రార్థన చేస్తారు. కులం పాటించేవాడు కూడా అదే బల్ల మీద కూర్చుని 'పాపం దళితులు' అనుకుని ఇంటికి వెళతాడు. మిగతా యాభై ఒక్క ఆదివారాలు అతనివే.

గోడకు ఇదే ఊరు సాక్షి

ఈ ఊళ్లో ఈ ప్రశ్న కొత్తది కాదు. కులం క్రైస్తవానికి బయటి నుంచి అంటిన మురికి అనేవాళ్లు పుదుచ్చేరి చరిత్రలో ఒక్క అర్ధశతాబ్దం చదివితే చాలు.

1703లో పోపు ప్రతినిధిగా టుర్నోన్ ఈ ఊళ్లో దిగాడు. జెస్యూట్ గురువులు కులాచారాలతో రాజీపడుతున్నారన్న ఫిర్యాదుల మీద విచారణ జరిపి, 1704 జూన్‌లో పుదుచ్చేరి నుంచే ఉత్తర్వు ఇచ్చాడు. అందులో ఒక అంశం చదివితే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పరయ కులస్థుడు జబ్బుపడి చావుబతుకుల్లో ఉన్నా గురువు అతని ఇంట్లోకి అడుగుపెట్టి సంస్కారాలు ఇచ్చేవాడు కాదు. ఆ ఆచారాన్ని మానమని టుర్నోన్ ఆజ్ఞాపించాడు. మానలేదు. అప్పీళ్లతో, వివరణలతో నలభై ఏళ్లు గడిపారు. చివరికి 1744లో పదునాలుగో బెనెడిక్టు పోపు కచ్చితమైన శాసనం ఇచ్చాడు. అప్పుడు దొరికిన పరిష్కారం ఏమిటో తెలుసా? పరయల కోసం వేరే గురువుల్ని కేటాయిస్తామన్నారు. దానికి రోము కూడా సరేనంది. పరయ ఇంట్లోకి వెళ్లే గురువు వేరు, సవర్ణుల ఇంట్లోకి వెళ్లే గురువు వేరు. అంటరానితనాన్ని తీసేయమంటే గురువుల్లోనే రెండు అంతస్తులు కట్టారు.

ఆ మరుసటి ఏడాదే, 1745లో, శంబా కోవిల్‌లో జరిగింది ఆనందరంగ పిళ్లె దినచర్యలో ఉంది. దేవాలయం లోపల ఉత్తరం వైపు ఒక గోడ. గోడకు ఒక పక్క పరయ క్రైస్తవులు, మరో పక్క సవర్ణ క్రైస్తవులు, యూరోపియన్లు. పరయ క్రైస్తవులు గుంపుగా గురువు దగ్గరికి వెళ్లి నిలదీశారు. మేమూ నిజమైన క్రైస్తవులమే అయితే మధ్యలో ఈ గోడ ఎందుకు అన్నారు. గురువు గోడ కూల్పించాడు. సవర్ణ క్రైస్తవులు గొడవకు దిగారు. విషయం గవర్నరు డ్యూప్లే దాకా వెళ్లింది.

ఒక్కసారి ఆ పరయ క్రైస్తవుల్ని తలుచుకోండి. అంబేడ్కర్ పుట్టడానికి సుమారు నూట యాభై ఏళ్ల ముందు. ఫ్రెంచి విప్లవానికి నలభై నాలుగేళ్ల ముందు. మాకు దయ చూపండి అని వాళ్లు అడగలేదు. మీ సిద్ధాంతం నిజమైతే మీ గోడ అబద్ధం అన్నారు. పుదుచ్చేరి కతోలిక చరిత్రలో అంత గొప్ప సత్యోపదేశం చేసిన వాళ్లు ఇంకెవరున్నారు? వాళ్ల పేర్లు ఏ దేవాలయం గోడ మీదా లేవు. వాళ్ల కథ నేను చూసిన ఏ సత్యోపదేశ పుస్తకంలోనూ లేదు. దాన్ని రాసి పెట్టింది ఒక హిందూ దుబాసీ.

తెలుగు కతోలికులకు కూడా ఇదే పుట్టిల్లు

ఇదంతా తమిళుల గొడవ అని తెలుగు పాఠకులు పేజీ తిప్పేయొద్దు. తెలుగు కతోలిక చరిత్రలో పెద్ద భాగం మొదలైంది ఈ పుదుచ్చేరిలోనే. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో ఫ్రెంచి జెస్యూట్ల కర్ణాటక మిషన్ ఇక్కడి నుంచే పుంగనూరు, కృష్ణాపురం వైపు కదిలింది. తెలుగు నేర్చి నిఘంటువు కూర్చిన కేర్దూ గురువు ఇక్కడే చనిపోయాడు. ఆ గురువులు తెలుగు దేశానికి సువార్తతో పాటు ఒక వ్యూహం కూడా తీసుకెళ్లారు. పై కులాల్ని ముందు పట్టుకోవాలి, వాళ్లు దూరం జరగకుండా ఉండాలంటే కింది కులాల్ని దూరంగా ఉంచాలి. రాయలసీమలో అలా చేరిన రెడ్డి, కమ్మ కుటుంబాల్లో కొన్ని తర్వాత గుంటూరు సీమకు వలస వెళ్లాయి. ఫిరంగిపురం లాంటి ఊళ్ల పాత కతోలిక చరిత్ర అక్కడి నుంచి వచ్చిందే. మాల మాదిగలు పెద్ద ఎత్తున క్రీస్తు దగ్గరికి వచ్చేసరికి ఆ ఇంట్లో ముందు గది అప్పటికే నిండిపోయి ఉంది.

ఇప్పటికీ తెలుగు పెళ్లి ప్రకటనలు చూడండి. 'ఆర్.సి. రెడ్డి వరుడు', 'ఆర్.సి. కమ్మ వధువు'. శ్రీసభ చట్టంలో పెళ్లికి అడ్డంకులు ఏమిటో స్పష్టంగా రాసి ఉంది. దగ్గరి రక్తసంబంధం ఒకటి, ముందే అయిన పెళ్లి ఒకటి, ఇంకా కొన్ని. పూజలో ప్రకటన చదివేటప్పుడు అడ్డంకి తెలిసినవాళ్లు చెప్పమంటారు. ఆ జాబితాలో కులం లేదు. ఆచరణలో మాత్రం కులమే మొదటి అడ్డంకి. పెళ్లికి ముందు జంటలకు జరిపే తరగతుల్లో కుటుంబ నియంత్రణ గురించి ఒక పూట చెబుతారు. మీరిద్దరూ ఒకే కులం ఎలా అయ్యారు అని మాత్రం ఎవరూ అడగరు.

తమిళ ప్రాంతాల్లో తెలుగు మాట్లాడే అరుంధతీయుల సంగతి ఇంకా ఘోరం. పట్టణాల్లో పారిశుధ్య పని చేసే కుటుంబాల్లో చాలామంది వాళ్లే. తమిళ సవర్ణుడికి వాళ్లు అరుంధతీయులు, తెలుగు సవర్ణుడికి మాదిగలు. వాళ్ల భాషలో వాళ్లకు విశ్వాసం నేర్పే తరగతి నాకు ఎక్కడా కనపడలేదు. పుదుచ్చేరిలో ఫ్రెంచిలో పూజ చెప్పగలిగిన శ్రీసభకు మురుగు తీసే మనిషి ఇంటి భాష ఎందుకు దొరకదు?

గోడలు కూలలేదు, జరిగాయి

1745 గోడ పోయింది కదా అంటారు. తిరునెల్వేలి సీమలో వడక్కన్‌కుళం దేవాలయాన్ని ఒకే పీఠం వైపు తిరిగే రెండు వేర్వేరు హాళ్లతో కట్టారు. ఒకటి వెళ్లాలర్లకు, ఇంకోటి మిగతావాళ్లకు. 1910లో మధ్య అడ్డు తీసేస్తే సవర్ణులు కోర్టుకెక్కారు. కోర్టు వాళ్ల కులహక్కును ఒప్పుకోలేదు. తిరుచ్చి మేలపుదూరులో సమాధుల తోటలోనే గోడ కట్టారు. చచ్చాక కూడా కలవకూడదని.

ఇక ఎరైయూరు. ఇది పుదుచ్చేరి - కడలూరు అగ్రపీఠం కిందే ఉన్న విచారణ. దళిత కతోలికుల శవం ప్రధాన వీధిలో వెళ్లకూడదు. శవపేటిక బండి వేరు, సమాధుల తోట వేరు. విసిగిపోయిన దళితులు మాకు వేరే విచారణ ఇవ్వండి అని అడిగారు. 2008 మార్చిలో వన్నియ క్రైస్తవులు దళితవాడ మీద పడ్డారు. పోలీసు కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. రెండు పక్షాల వాళ్లూ కతోలికులే. అందరికీ ఒకే తల్లి మరియమ్మ. అందరూ ఒకే సత్యోపదేశ పుస్తకం చదివి దివ్యసత్ప్రసాదం తీసుకున్నవాళ్లే. ఆ పుస్తకంలో ఏదో లేదని ఆనాడైనా అనిపించలేదా?

కుంభకోణం మేత్రాసనంలో కోట్టపాళయం దళిత కతోలికులు తమ విచారణలో వివక్ష మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2025లో కోర్టు నోటీసులు ఇచ్చింది. విచారణ గురువు దగ్గర తేలాల్సిన విషయం సుప్రీంకోర్టు దగ్గర తేలాలి. శ్రీసభకు ఇంతకు మించిన అవమానం ఉందా?

పట్టణాల్లో గోడ కనపడదు. నటేశన్ నగర్ లాంటి చోట దేవాలయంలో ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. ఇక్కడ గోడ వేరే రకం. అన్బియం చూడండి. వీధికొక సంఘం అంటారు. మన దేశంలో వీధి అంటే ఏమిటి? చాలా చోట్ల వీధి అంటే కులమే. వీధి లెక్కన బైబిల్ సంఘం కడితే అది కులసంఘం అవుతుంది. జ్ఞాన తండ్రి సొంత కులంవాడే. తేరు పండుగ కమిటీలో పెద్దరికం ఎవరిది, దీపాల అలంకరణ ఎవరిది, మర్నాడు చెత్త ఊడ్చేది ఎవరు? పవిత్ర గురువారం నాడు పన్నెండు మంది పాదాలు కడుగుతారు. ఆ పన్నెండు మందిని ఎవరు ఎంపిక చేస్తారో, ఎవరి పాదాలు ఎప్పుడూ ఆ వరసలోకి రావో మీ విచారణలో ఈసారి గమనించండి.

పాపమని వాళ్లే రాశారు

ఇదంతా బయటివాళ్ల ఆరోపణ అనుకుంటే పొరపాటు. 2003 నవంబరులో రోముకు వచ్చిన తమిళనాడు బిషప్పులకు రెండో జాన్ పాల్ పోపు చెప్పాడు. ఆ బృందంలో పుదుచ్చేరి - కడలూరు వాళ్లూ ఉన్నారు. క్రైస్తవుల మధ్య కులవివక్ష ఛాయ కూడా ఉండకూడదని ఆయన మాటల సారం. 2016 డిసెంబరులో భారత కతోలిక బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానాన్ని విడుదల చేసింది. కులవివక్ష ఘోరమైన సామాజిక పాపమని ఒప్పుకుంది. దేశంలో కోటీ తొంభై లక్షల మంది కతోలికుల్లో కోటీ ఇరవై లక్షల మంది దళితులేనని, నాయకత్వంలో వాళ్లు చాలా తక్కువని అప్పుడు అందరూ లెక్కలు చెప్పుకున్నారు.

బాగుంది. పాపం అంటే ఏం చేయాలో శ్రీసభకు నేను చెప్పాలా? పాపమైతే పాపసంకీర్తనానికి ముందు చేసే ఆత్మపరిశోధన ప్రశ్నల్లో ఉండాలి. నేను చూసిన ఏ కరపత్రంలోనూ 'నేను ఎవరి కులమైనా అడిగానా? కులం చూసి పెళ్లి సంబంధం వద్దన్నానా?' అన్న ప్రశ్న లేదు. పాపమైతే పశ్చాత్తాపం ఉండాలి, ప్రాయశ్చిత్తం ఉండాలి, దొంగిలించింది తిరిగి ఇవ్వాలి. 1992లో వాటికన్ వెలువరించిన సత్యోపదేశ గ్రంథం 1935వ పేరాలో వివక్షను ఖండిస్తూ లింగం, జాతి, రంగు, సామాజిక స్థితి, భాష, మతం అని వరసగా చెబుతుంది. కులం పేరు ఆ వరసలో లేదు. రోముకు తెలియదనుకుందాం. ఆ వరసలో లేని మాటను కలిపి చెప్పడం ఇక్కడి గురువు బాధ్యత కాదా?

2000లో మరంపూడి జోజి గారు హైదరాబాదుకు దేశంలోనే తొలి దళిత అగ్రపీఠాధిపతి అయ్యారు. 2022 ఆగస్టులో అదే హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంతోని గారు తొలి దళిత కార్డినల్, తొలి తెలుగు కార్డినల్ అయ్యారు. 2025లో పోపును ఎన్నుకున్న సభలో ఆయన ఓటు ఉంది అని నాలాంటివాళ్లు గర్వంగా చెప్పుకుంటూనే ఉంటాం. 2025 మేలో వాటికన్‌లో ఒక దళితుడు ఓటు వేశాడు. ఎరైయూరు దళితుడి శవపేటిక ప్రధాన వీధిలో పోవడానికి మాత్రం గొడవ పడాల్సి వచ్చింది. పైన ఒక కుర్చీ వేసినంత మాత్రాన కింద పాఠం మారదు.

"ఇప్పుడా ఈ మాటలు?"

కొందరు ఆప్తులే అంటారు: "చర్చిల మీద దాడులు జరుగుతున్నాయి, రాష్ట్రం తర్వాత రాష్ట్రం మతమార్పిడి నిరోధక చట్టాలు తెస్తోంది. ఇప్పుడు మన ఇంటి గొడవ వీధిలో పెట్టడం శత్రువుకు సాయం కాదా?"

కాదు. శత్రువుకు సాయం చేస్తున్నది మౌనమే. ఎలాగో చెబుతాను.

1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కాని దళితుణ్ని ఎస్సీ కాదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించారు. క్రైస్తవ, ముస్లిం దళితులకు ఈనాటికీ లేదు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఇవ్వమంది, పక్కన పెట్టేశారు. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. ఇంతకాలం ఇవ్వకపోవడానికి ప్రభుత్వం చెప్పే కారణం ఏమిటి? 'క్రైస్తవంలో కులం లేదు.' ఇప్పుడు సవర్ణ క్రైస్తవుణ్ని నిలదీసి చూడండి. అతను చెప్పేదీ అదే: 'క్రైస్తవంలో కులం లేదు.' హిందుత్వవాదీ సవర్ణ క్రైస్తవుడూ కలిసి చెప్పే వాక్యం ఇదొక్కటే. ఇద్దరి మధ్య నలిగేది మనం.

దీనికి సాక్ష్యం కూడా పుదుచ్చేరిలోనే ఉంది. ఇక్కడి ఒక మహిళ ప్రభుత్వ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్ అడిగింది. తాను హిందువునేనంది. ఆమె జ్ఞానస్నానం వివరాలు కోర్టు ముందుకొచ్చాయి. చర్చికి క్రమం తప్పకుండా వెళుతున్నావు కాబట్టి నువ్వు క్రైస్తవురాలివే, రిజర్వేషన్ కోసం హిందువునంటే రాజ్యాంగాన్ని మోసం చేయడమే అని సుప్రీంకోర్టు 2024 నవంబరు 26న తీర్పు చెప్పింది. రాజ్యాంగ దినోత్సవం నాడు! చర్చి రిజిస్టరులో జ్ఞానస్నానం రాసి ఉంటుంది. ఆ జ్ఞానస్నానం తర్వాత కూడా ఆమె కులానికి ఈ సమాజం చేసింది ఏ రిజిస్టరులోనూ ఉండదు. ఆదివారం పూజకు హాజరైతే సర్టిఫికెట్ పోతుంది. హాజరైనందుకు దేవాలయంలో సమానత్వం వస్తుందా అంటే అదీ రాదు. రెండు వైపులా నష్టపోయే ఈ లెక్కను శ్రీసభ తన సత్యోపదేశంలో ఎందుకు చెప్పదు? తన ఇంట్లో కులం ఉందని వారం వారం బహిరంగంగా ఒప్పుకుని, దానితో పోరాడే శ్రీసభ మాటకే మూడో పేరా కేసులో బలం ఉంటుంది.

బాబాసాహెబ్ దగ్గర నేర్చుకోవాల్సిన సత్యోపదేశం

అంటరానివారిలో క్రైస్తవంలోకి వెళ్లినవాళ్ల స్థితి గురించి అంబేడ్కర్ ప్రత్యేకంగా రాశారు. మిషనరీలు మతం మార్చారు గానీ కులాన్ని కదిలించలేదని, మారిన మనిషి సామాజికంగా ఉన్నచోటే ఉండిపోయాడని ఆయన విమర్శ. మనవాళ్లలో చాలామంది ఆ వ్యాసాలను అంబేడ్కర్ క్రైస్తవాన్ని కాదన్నందుకు రుజువుగా చదివి పక్కన పెడతారు. అవి ముందుగా చదవాల్సింది విచారణ గురువులు.

పెద్దలు విశ్వాసం నేర్చుకోవడం అంటే ఏమిటో ఆయన చేసి చూపించారు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించారు. 1956లో నాగపూర్‌లో దీక్ష తీసుకున్నారు. మధ్యలో ఇరవై ఒక్క ఏళ్ల చదువు. దీక్ష రోజున ఇచ్చిన ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో మనుషులందరూ సమానమని నమ్ముతాననీ, ఆ సమానత్వం కోసం పాటుపడతాననీ నోటితో చెప్పించారు. కులాన్ని వదలడం దీక్ష తర్వాత వచ్చే సమాజసేవ కాదు. దీక్షలోనే అది భాగం.

కతోలిక జ్ఞానస్నానంలో కూడా ఇలాంటి ఘట్టం ఉంది. సైతానునూ వాడి పనుల్నీ వదులుకుంటారా అని గురువు అడుగుతాడు. ఈస్టర్ జాగరణ రాత్రి విచారణంతా కొవ్వొత్తులు పట్టుకుని ఆ మాట మళ్లీ చెబుతుంది. భారతదేశంలో సైతాను పనులంటే ఏమిటి? రెండు వేల ఏళ్లుగా మనిషిని మనిషి ముట్టుకోకుండా చేసినదాన్ని మించిన సైతాను పని ఇంకేముంది? ఆ రాత్రి ఆ పేరు పెట్టి అడగండి. కులాన్ని వదులుకుంటారా అని అడగండి. ఎన్ని గొంతులు పలుకుతాయో, ఎన్ని కొవ్వొత్తులు వణుకుతాయో చూద్దాం.

అడుగుతున్నది ఇదీ

ఒకటి. పెద్దల సత్యోపదేశంలో, పెళ్లి తరగతుల్లో, జ్ఞానస్నానానికి ముందు తల్లిదండ్రులకు ఇచ్చే ఉపదేశంలో కులం మీద పాఠం తప్పనిసరి చేయాలి. 1704, 1744, 1745, వడక్కన్‌కుళం, ఎరైయూరు, 2016 విధానం అన్నీ అందులో ఉండాలి.

రెండు. ఆత్మపరిశోధన కరపత్రంలో కులం ప్రశ్న ఉండాలి.

మూడు. అన్బియాల్ని వీధి లెక్కన కాకుండా వీధులు కలిసేలా కట్టాలి. పాలకమండలిలో, పండుగ కమిటీలో ఎవరెవరు ఉన్నారో ఏడాదికోసారి నోటీసు బోర్డు మీద పెట్టాలి. దళితుల వాటా జనాభాకు తగ్గట్టు ఉండాలి.

నాలుగు. సమాధుల తోటకు ఒకే గేటు, ఒకే బండి, ఒకే దారి. అది లేని ఊళ్లో తేరు కదలకూడదు.

అయిదు. కులం పేరుతో పెళ్లి ప్రకటన వేసే ఏ పత్రికనూ దేవాలయం గుమ్మంలో అమ్మకూడదు.

ఇవి బిషప్పులకు. దళిత కతోలికులకు ఒక్క మాట. గురువు చెబుతాడని ఎదురుచూడొద్దు. 1745లో మన పెద్దలు ఎదురుచూడలేదు. ఆదివారం పూజ అయ్యాక పిల్లల సత్యోపదేశం జరిగే అదే గంటలో, అదే చెట్టు కింద, పెద్దలం అంబేడ్కర్ రచనలూ బైబిలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుందాం. బోధించు, సమీకరించు, పోరాడు అన్న మూడు మాటలూ అక్కడి నుంచే మొదలవుతాయి.

నాకు ఇల్లు దొరికింది. ఆ తిరుహృదయ పటం ఉన్న ఇల్లు కాదు, వేరేది. మా అబ్బాయి ఈ ఏడు తొలి దివ్యసత్ప్రసాదానికి తయారవుతున్నాడు. ప్రశ్నలూ జవాబులూ కంఠతా పట్టాడు. రేపు వాణ్ణి ఎవరైనా "ఆర్.సి.లో ఎవరు?" అని అడిగితే ఏం చెప్పాలో ఆ పుస్తకంలో లేదు. ఆ ప్రశ్న అడగడమే పాపమని ఎదుటివాడికి నేర్పే పుస్తకం కూడా ఇంకా రాలేదు. దాన్ని రాయాల్సినవాళ్లు ప్రతి ఆదివారం మా ముందే నిలబడుతున్నారు.

జై భీమ్.